ఎర్ర చుక్క ఎవరికి పెట్టాలి: గుండెజబ్బు, షుగర్ ముప్పున్నవాళ్లను ముందుగా పట్టుకునే పద్ధతి

బీపీ, షుగర్ చూసే రోజు మా క్లినిక్ అరుగు మీద ముందుగా వచ్చి కూర్చునేది ఎప్పుడూ ఆ పదిహేనుమందే. పోయిన నెల పైది ఎంత, కిందది ఎంత, వాళ్లకు నోటికొచ్చు. నేను మిషను సంచిలోంచి తీయకముందే చొక్కా చెయ్యి పైకి మడిచి సిద్ధంగా ఉంటారు. వాళ్లు రావడం మంచిదే, కాదనను. కానీ మనకు దొరకాల్సిన వాళ్లు ఆ వేళకు అలిపిరి దగ్గర జీపు తుడుచుకుంటూనో, లాడ్జిలో రాత్రి డ్యూటీ దిగి ముసుగేసి పడుకునో, గానుగ దగ్గర పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూనో ఉంటారు.

చంద్రగిరి పక్కన ఒక పల్లె క్లినిక్‌లో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ముప్పై దాటినవాళ్లందరినీ చూడాలన్నది ప్రభుత్వ నియమం. చూడాల్సిందే. కాకపోతే ఊరు పెద్దది, మనుషులం ఇద్దరు ముగ్గురం, మిషను ఒకటి. ఎవరి తలుపు ముందు తట్టాలో తేల్చుకోకపోతే ఏడాదంతా ఆ పదిహేనుమంది చేతులకే పట్టీ చుట్టుకుంటూ ఉండిపోతాం. మీరు కొత్తగా చేరిన ఏఎన్‌ఎం కావచ్చు, ఆశా కావచ్చు, చిన్న ఆసుపత్రిలో చీటీలు రాసే నర్సు కావచ్చు, ఇంట్లో అందరి మందుల కవర్లూ దాచిపెట్టే పెద్దకోడలు కావచ్చు. ఈ పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. ఇది జబ్బు తేల్చే పని కాదు. డాక్టరు దగ్గరికి ఎవరిని ముందు పంపాలో జల్లెడ పట్టే పని.

ముందు పెన్ను, తర్వాతే మిషను

రిజిస్టర్‌లో పేర్లు ఇంటి నంబర్ల వరసలో ఉంటాయి. దాన్ని పక్కన పెట్టి ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. పేజీకి ఒక వంశం. మన పల్లెల్లో దాయాదులు ఒకే వీధిలో ఉంటారు కాబట్టి ఇదేమంత కష్టం కాదు. పెద్దాయన పేరు పైన, కొడుకులూ కూతుళ్లూ కింద, వాళ్ల పిల్లలు ఇంకా కింద. పోయినవాళ్ల పేర్లు వదలొద్దు. నిజానికి ఈ పేజీ వేసేదే పోయినవాళ్ల కోసం.

ఇక అడగడం. "మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?" అంటే లేదనే చెప్తారు. వాళ్ల లెక్కలో గుండెజబ్బంటే ఆపరేషను జరిగి ఉండాలి. అట్లా కాకుండా "మీ నాయన ఎట్ల పోయినాడు? అప్పటికి ఎంత వయసు?" అని అడిగి చూడండి. "నిద్రలోనే పోయినాడుమా, పుణ్యాత్ముడు." "గ్యాస్ పైకి తన్నింది, సోడా తాగిస్తా ఉండంగానే వాలిపోయినాడు." "కాలూ చెయ్యీ పడిపోయి మూడేండ్లు మంచంలోనే ఉన్నాడు." మూడూ రాసుకోండి. సోడా తాగుతూ వాలిపోయిన మనిషిని గ్యాస్ చంపిందని నేనైతే నమ్మను.

గీత ఎక్కడ గీయాలంటే, తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే ఆ పేజీలో బతికున్న పెద్దవాళ్లందరికీ పెన్సిలుతో ఒక చుక్క పెట్టండి. వాళ్లు లావా సన్నమా, తర్వాత చూద్దాం.

ఈ మాట అంత గట్టిగా చెప్పడానికి కారణం నేను చేసిన తప్పు. పాలకేంద్రంలో పాలు పోయించుకునే మనిషి ఒకాయన, 41 ఏళ్లు, ఎండుకట్టెలా ఉంటాడు. నేను వాళ్లింటికి వెళ్లిన రోజు సైకిలు మీద క్యాన్లు కట్టుకుంటున్నాడు. "అన్నా, ఒక్క నిమిషం, బీపీ చూస్తా" అన్నాను. "నాకేముంటాది తల్లీ, పోయి మా అత్తకు చూడు" అన్నాడు. ఆ ఒంటికీ ఆ సైకిలుకూ ఏముంటుందిలే అని నేనూ వదిలేశాను. వాళ్ల నాయన 48కే, చిన్నాయన 50 దాటకుండానే పోయారని నాకు తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందంటే, ఒక తెల్లవారుజామున అతన్ని 108లో ఎక్కించేటప్పుడు వాళ్లమ్మ ఏడుస్తూ చెప్పింది. స్టెంటు వేసి బతికించారు. ఆ నోటుబుక్కు కొన్నది ఆ వారంలోనే.

మేనరికం చేసుకున్న ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. ఆ పేజీల్లో ఇంకొకటి వెతకాలి. పుట్టుకతోనే కొవ్వు విపరీతంగా ఉండే వంశాలు కొన్ని ఉంటాయి. చెడు కొవ్వు, అంటే ఎల్‌డీఎల్, 190 దాటి ఉంటుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఆ లక్షణం కలిసిందంటే పిల్లలకు చిన్నతనంలోనే గుండె నాళాలు మూసుకుపోతాయి. మడమ వెనక తాడులా చేతికి తగిలే కండర బంధం మీద, వేళ్ల కణుపుల మీద గట్టి గడ్డలు కనిపించినా, 45 నిండకుండానే కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం కనిపించినా ఇంటిల్లిపాదికీ కొవ్వు పరీక్ష రాయించాలి. ఇది అరుదే, కానీ దొరికితే ఒక కుటుంబమంతా దొరికినట్టే.

లెక్కలు అక్కర్లేనివాళ్లు

గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటో బైపాసో అయినవాళ్లు, పక్షవాతం వచ్చి కోలుకున్నవాళ్లు, నడిస్తే పిక్క పట్టేసి నిలబడితే తగ్గేవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నదని డాక్టరు చెప్పినవాళ్లు. వీళ్లకు స్కోరు వేస్తూ కూర్చోవద్దు. వీళ్ల ముప్పు ఎప్పుడో తేలిపోయింది, పెన్సిలు చుక్క కాదు, నేరుగా ఎర్ర చుక్కే, అంటే అందరికన్నా ముందు చూడాల్సినవాళ్లు. వీళ్ల దగ్గర అడగాల్సింది ఒక్కటే: "మందులు వేసుకుంటా ఉండావా, మానేసినావా?" బాగైపోయింది కదా అని మానేసినవాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు. మందుల కవరు తెమ్మనండి. లోపల అట్టలు చూస్తే నిజం తెలుస్తుంది.

కాన్పుల సంగతి అత్తగారి ముందు అడగొద్దు

ఈ భాగం దగ్గర కాసేపు నిలబడదాం, ఎందుకంటే ఏ ఫారమూ దీన్ని సరిగ్గా పట్టదు.

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పు కాగానే తగ్గిపోయిన ఆడవాళ్లను పట్టుకోండి. మన ఆసుపత్రుల్లో గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 గానీ ఆపైన గానీ ఉంటే గర్భంలో షుగర్ అంటారు. కాన్పు తర్వాత ఆరు వారాలకు మళ్లీ అదే పరీక్ష చేయించుకోవాలి. చేయించుకునేవాళ్లేరీ? పుట్టింట్లో ఉంటారు, బిడ్డకు పాలు, స్నానాలు, పేరు పెట్టడం. తల్లి సంగతి అందరూ మరిచిపోతారు. ఆమెకు ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం మామూలు ఆడవాళ్లతో పోలిస్తే దాదాపు పదింతలు. ఏడాదికోసారైనా పరీక్ష చేయించాలి.

గర్భంలో బీపీ పెరిగి కాళ్లూ మొహమూ వాచినవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు, నెలలు నిండకుండా కన్నవాళ్లు ఇంకో గుంపు. ఆ బీపీ కాన్పుతో దిగిపోయినా, పదీ ఇరవై ఏళ్ల తర్వాత గుండెజబ్బుగా తిరిగి రావచ్చు. నెలసరి సరిగ్గా రాని పీసీఓడీ అమ్మాయిలు, 40 నిండకముందే ముట్టు ఆగినవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. మన రాష్ట్రంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువ. వాళ్లను "అండాశయాలు కూడా తీసేసినారా?" అని తప్పకుండా అడగండి. తెలియదంటే డిశ్చార్జి కాగితం చూపించమనండి.

ఇవన్నీ అత్తగారి ముందు అడిగితే ఏ కోడలూ నోరు విప్పదు. "మొదటి కాన్పులో బిడ్డ బరువెంత?" అని మొదలుపెట్టండి. నాలుగు కిలోల బిడ్డ అంటే తల్లికి అప్పట్లో షుగర్ ఉండి ఉండవచ్చు. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ అయితే, ఆ బిడ్డ పెద్దయ్యాక కాస్త కనిపెట్టి ఉండాలి. పుట్టినప్పుడు బక్కగా ఉండి తర్వాత ఒళ్లు చేసినవాళ్లకు షుగర్ ముప్పు ఎక్కువ.

మొలతాడు చెప్పే నిజం

మన ఒళ్ల తీరు వేరు. చేతులూ కాళ్లూ సన్నగానే ఉంటాయి, కొవ్వంతా పొట్టలో చేరుతుంది. అందుకే బరువు లెక్కలో మనకు గీతలు కిందికి దించారు: బీఎంఐ 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం. 160 సెంటీమీటర్ల మనిషికి 59 కిలోల దగ్గరే మొదటి గీత, 64 దగ్గర రెండోది. 62 కిలోల మనిషిని ఊళ్లో ఎవరూ లావంటారనుకోను.

అందుకే నేను బరువు కన్నా నడుము కొలతనే నమ్ముతాను. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. ప్యాంటు సైజు అడిగి రాసుకోవద్దు, ప్యాంటు పొట్ట కిందికి జారి ఉంటుంది. అడుగు పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. చీర కుచ్చిళ్ల మీద కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు ఊరికే కలుస్తాయి. తలుపు దగ్గరికి వేసి, కుచ్చిళ్లు కాస్త దించి, లోపలి పల్చటి బట్ట మీద కొలవండి.

టేపు లేకపోతే ఒక దారం చాలు. మనిషి ఎత్తంత దారం తెంచి, సగానికి మడిచి, పొట్ట చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిస్తే సరే. కలవలేదంటే నడుము ఎత్తులో సగం దాటిందన్న మాట, ముప్పు మొదలైందన్న మాట. మగవాళ్లు టేపు చూస్తే సిగ్గుపడి నవ్వుతారు, పొట్ట లోపలికి లాక్కుంటారు. వాళ్లతో నేను మొలతాడు మాట ఎత్తుతాను. "పెండ్లినాటి ముడి మీదనే ఉందా, వదులు చేసినావా?" అంటే అబద్ధం చెప్పరు. "రెండుసార్లు మార్చినా అక్కా" అన్నవాడి నడుము కొలవకముందే నాకు సగం తెలిసిపోతుంది.

మెడ వెనక చూడటం మరవొద్దు. మెడ మడతల్లో, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ బట్టలా మారితే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు. మా ఊళ్లో ఒకావిడ పద్నాలుగేళ్ల కూతురి మెడకు ఆదివారం ఆదివారం సున్నిపిండి పెట్టి, ఎర్రగా కమిలేదాకా రుద్దేది. "మట్టిమా, ఎంత రుద్దినా పోదు" అంది. అది మట్టి కాదు. ఆ పిల్లకు పరీక్ష చేయిస్తే షుగర్ ఇంకా రాలేదు గానీ వాకిట్లోనే ఉంది.

బీపీ: ఐదు నిమిషాల మౌనం

బీపీ కొలవడం అందరికీ వచ్చు, సరిగ్గా కొలిచేవాళ్లు కొద్దిమంది. మనిషి వీపుకు ఆనిక ఉండేలా కూర్చోవాలి, పాదాలు నేలమీద ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. అరగంట ముందునుంచీ కాఫీ, బీడీ ఉండకూడదు. మూత్రం ఆపుకొని ఉండకూడదు. ఐదు నిమిషాలు ఊరకే కూర్చున్నాక చూడాలి, ఆ ఐదు నిమిషాలూ కబుర్లు వద్దు. మా ఊళ్లో అన్నిటికన్నా కష్టమైంది ఇదే. చొక్కా మీద, బిగుతు రవిక చెయ్యి మీద పట్టీ చుట్టొద్దు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే తర్వాత ఎప్పుడూ వాడండి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడండి.

140/90 గానీ ఆపైన గానీ వస్తే ఇంకోరోజు మళ్లీ చూసి, డాక్టరు దగ్గరికి పంపండి. 180/110 దగ్గరికి పోయిందంటే ఇంకోరోజు దాకా ఆగొద్దు, ఆరోజే పంపాలి. 130 దాటి 140 లోపు ఉన్నవాళ్లను బాగుందని చెప్పి వదిలేస్తుంటారు. వంశం పేజీలో చుక్క ఉన్నవాళ్లయితే నేను వదలను, మూడు నెలలకు మళ్లీ వెళ్తాను.

షుగర్: ముందు చేతులు కడగండి

మామిడి కాయల కాలంలో మండీ దగ్గర పరీక్షలు పెట్టాం. ఇరవై ఐదేళ్ల కుర్రాడికి 243 వచ్చింది. వాడి మొహం పాలిపోయింది. ఆ చేతులు చూస్తే తోతాపురి రసం ఆరిపోయి జిగటగా ఉన్నాయి. సబ్బుతో కడిగించి, తుడిచి, ఇంకో వేలికి గుచ్చితే 104. అప్పటినుంచి నా సంచిలో సబ్బుబిళ్ల ఒకటి ఉంటుంది. స్పిరిట్ దూది వాడితే అది ఆరేదాకా ఆగాలి.

ఏ వేళనైనా వేలి రక్తంలో 140 దాటితే పరగడుపు పరీక్షకు పంపాలి. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా తీసిన రక్తంలో 126, లేదా గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5. వీటిలో ఏ గీత తాకినా షుగర్ అనే లెక్క, డాక్టరు ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నవాళ్లు వాకిట్లో ఉన్నవాళ్లు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్కలో దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, వాకిట్లో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. మనం వెతకాల్సింది ఈ రెండో గుంపునే, వీళ్లకు ఏ బాధా తెలియదు కాబట్టి.

ఒక మాట గుర్తుంచుకోండి. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసి తేల్చొద్దు, అంకె అటూ ఇటూ అవుతుంది. వాళ్లకు పరగడుపు, గ్లూకోజు పరీక్షలే మేలు.

కొవ్వు పరీక్షలో మనవాళ్లకు సాధారణంగా కనిపించే తీరు ఒకటుంది. మొత్తం కొలెస్ట్రాల్ చూస్తే మామూలుగానే ఉంటుంది గానీ, ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో రకం కొవ్వు 150 దాటి ఉంటుంది, మంచి కొవ్వు హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40 కన్నా, ఆడవాళ్లలో 50 కన్నా తక్కువుంటుంది. నడుము, బీపీ, పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, ఈ ఐదింటిలో మూడు గీత దాటితే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. విడివిడిగా చూస్తే ఒక్కోటీ "కొంచెమే ఎక్కువ" అనిపిస్తుంది, మూడూ ఒకే ఒంట్లో చేరితేనే గొడవ.

స్కోరు వేయడం, దాని కంటికి కనబడనివి

ఆశాల చేతిలో ఉండే సీబ్యాక్ ఫారం తీసుకుందాం, ఎవరికి ఎంత ముప్పుందో మార్కులు వేసే ప్రభుత్వ కాగితం అది. లాడ్జిలో రాత్రిపూట కౌంటరులో కూర్చునే మనిషి, 44 ఏళ్లు. వయసుకు 2. రోజూ బీడీ తాగుతాడు, 2. మందు అలవాటు లేదు, 0. నడుము 94, దానికి 1. వారానికి 150 నిమిషాల నడకా లేదు, 1. వాళ్లమ్మకు షుగర్, 2. మొత్తం 8. నాలుగు దాటితే ముందు చూడాల్సినవాడే.

అదే ఫారం 36 ఏళ్ల టైలరమ్మకు వేద్దాం. వయసుకు 1, పొగాకు 0, మందు 0, నడుము 82కి 1, క్లాసుకు పోయి వచ్చే పిల్లలను దింపడానికి రోజూ బాగానే నడుస్తుంది కాబట్టి 0, వంశంలో ఎవరికీ లేదు, 0. మొత్తం 2. ఫారం ప్రకారం ఆమెను వదిలేయొచ్చు. కానీ రెండో కాన్పులో ఆమెకు షుగర్ వచ్చింది, ఇన్సులిన్ కూడా ఇచ్చారు. దానికి ఆ స్కోరులో గడి లేదు. నా నోటుబుక్కులో ఆమెకు ఎర్ర చుక్కే. ఫారాన్ని తప్పుపట్టడం లేదు, అది ఊరంతటికీ ఒకే జల్లెడ. ఆ జల్లెడలోంచి జారిపోయేవాళ్లకే మన నోటుబుక్కు.

పొగాకు గడి నింపేటప్పుడు "సిగరెట్ తాగుతారా?" అని ఆగిపోవద్దు. "నోట్లో ఏమన్నా పెట్టుకుంటావా అన్నా?" అనండి, దవడ చూడండి. అవ్వలను "ఆకువక్కలో పొగాకు వేసుకుంటావా?" అని అడగాలి. పొగాకు మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు, వాళ్లకు అది తాంబూలంలో భాగం.

40 దాటినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన పట్టికలు ఉన్నాయి, దక్షిణాసియాకు విడిగా. రక్త పరీక్ష లేకుండా వయసు, ఆడా మగా, పొగాకు, పై బీపీ, బీఎంఐ చూసి పదేళ్లలో ఎంత ముప్పో రంగు చూపిస్తాయి. క్లినిక్ గోడకు ఒకటి అంటించుకోండి. ఫోనులో దొరికే అమెరికా లెక్కల యంత్రాలను మన కుర్రాళ్లకు వాడితే ముప్పు తక్కువ చేసి చూపించవచ్చు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోనే తేలింది, మన ప్రాంతంవాళ్లకు మొదటి గుండెపోటు మిగతావాళ్ల కన్నా ఐదారేళ్లు ముందే వస్తోందని.

ఫారాల్లో పట్టని ఇంకొందరిని త్వరగా చెప్పేస్తాను: ఏళ్ల తరబడి కీళ్లవాతం, సోరియాసిస్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, మానసిక జబ్బుకు మందులు వాడుతూ ఒళ్లు పెరిగినవాళ్లు, హెచ్ఐవీ మందుల మీద ఉన్నవాళ్లు, స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని రాసినవాళ్లు. గురక సంగతి మొగుణ్ణి కాదు, పెళ్లాన్ని అడగాలి. "మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాడు" అంటే ఒక చుక్క.

కొండ మెట్లు కూడా ఒక పరీక్షే

మా వైపు మనిషి చెప్పే గట్టి సాక్ష్యం ఒకటుంది. "ఏటా అలిపిరి మెట్లెక్కుతా, నాకేం జబ్బు?" 3,550 మెట్లు ఏడాదికి ఒక్కసారి ఎక్కితే భక్తి అవుతుంది, వ్యాయామం కాదు. అయినా ఆ మాటను కొట్టిపారేయకండి, దాన్నే ప్రశ్నగా తిప్పండి. "పోయినేడు గాలిగోపురం దాకా ఎన్నిచోట్ల ఆగినావు? ఈ ఏడు?" అప్పుడు రెండుచోట్ల ఆగినవాడు ఇప్పుడు పదిచోట్ల ఆగితే, ఎక్కేటప్పుడు ఎదలో బరువు పెట్టినట్టయి కూర్చుంటే తగ్గిపోతే, ఎడమ చెయ్యో దవడో లాగితే, అది వయసు కాదు. డాక్టరు చూసేదాకా మెట్ల జోలికి పోవద్దనండి. గుండెజబ్బు, ఊబకాయం ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీ కూడా చెబుతోంది. మొక్కు ఉందంటారు. బస్సులో వెళ్లినా స్వామి కాదనడని నేను చెబుతాను, కొందరు వింటారు.

నొప్పి ఆగకుండా చెమటలు పోస్తూ ఉంటే ఇక ప్రశ్నలేమీ వద్దు, 108కి ఫోను. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పే లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసంగా రావచ్చు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వైపువాళ్లు వేలూరు పోదామా అని ఇంట్లో చర్చ పెడతారు. ఆ చర్చ తర్వాత పెట్టుకోవచ్చు, ముందు దగ్గర్లో ఈసీజీ తీసేచోటికి చేర్చాలి.

వాళ్లున్నచోటికి పోవడం

చుక్కలు పెట్టడం అయ్యాక అసలు పని. జీపుల వాళ్లు తెల్లవారి మొదటి ట్రిప్పుకు ముందు స్టాండులో టీ తాగుతూ దొరుకుతారు (టీ తాగిన అరగంటకు చూడాలి, అది వేరే తిప్పలు). మగ్గాల వాళ్లకు కరెంటు పోయిన వేళ మంచిది. పాలకేంద్రం దగ్గర సాయంత్రం ఊరంతా క్యూలో ఉంటుంది. వాచ్‌మన్లను రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కేటప్పుడు పట్టుకోండి. నిద్ర తలకిందులైన ఉద్యోగమే ఒక ముప్పు, వాళ్లను చివరికి వదిలేయొద్దు.

నోటుబుక్కులో ప్రతి చుక్క పక్కన మూడు గడులు గీయండి: మళ్లీ ఎప్పుడు చూడాలి, ఎవరి ఫోను నంబరు, పోయినసారి ఏమని తప్పించుకున్నాడు. ఎర్ర చుక్కకు నెలకోసారి, పెన్సిలు చుక్కకు మూడు నెలలకోసారి, చుక్క లేనివాళ్లకు ఏడాదికోసారి. మూడో గడి తమాషాకు పెట్టింది కాదు. "పని ఉంది" అన్నవాడికి వేళ మార్చాలి. "మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాల" అన్నవాడికి వేళ మార్చి లాభం లేదు, కూర్చోబెట్టి మాట్లాడాలి. సంగటి తింటున్నా కదా షుగర్ రాదన్నవాడి ముద్ద ఎంతుందో చూడాలి. రాగి మంచిదే, ముద్ద తలకాయంత ఉంటే రాగీ ఏమీ చేయలేదు.

పాలకేంద్రం ఆయన పేజీలో ఇప్పుడు ఆయన పేరు కింద తమ్ముడి పేరుంది. 37 ఏళ్లు, బెంగళూరులో క్యాబ్ నడుపుతాడు, రాత్రి షిఫ్టు. మూడో గడిలో "అన్నకంటే నాకు పనెక్కువ" అని రాసి ఉంది. పండక్కి వస్తానని వాళ్లమ్మతో చెప్పాడట. భోగి రోజు పొద్దున్నే వాళ్లింటికి పోవాలి. మిషనులో కొత్త సెల్లులు వేసి పెట్టాను.